తేదీ లోపలికి తిప్పిన టైర్లు

ఆదివారం

అమ్మ చెయ్యి విరగ్గొట్టింది నేనేనని మామయ్య ఆసుపత్రి వరండాలో అందరి ముందూ అన్నాడు. పిన్ని విన్నది. బాబాయి విన్నాడు. మామయ్య కూతురు, మా వదిన, ఆమె కూడా విన్నది. కట్టు కట్టే గది తలుపు తెరిచే ఉంది కాబట్టి అమ్మ కూడా వినే ఉంటుంది.

"టైరుదేముంది? అంతా నడిపే చేతిలో ఉంటుంది. దీని చేతికి స్టీరింగు ఇచ్చినప్పుడే అనుకున్నా" అన్నాడు. అంటూ నా నెత్తి మీద చెయ్యి వేసి నిమిరాడు. తిట్టినా ఊరుకునేదాన్ని. నిమిరాడు.

ఆ టైర్లు బిగించింది తనే. తన షాపులో, తన చేత్తో. "కొత్త సరుకే పిల్లా, నీ ముసల్దానికి పెళ్ళికళ వచ్చేసింది చూడు" అన్నాడు. ముసల్దంటే నా కారు. బిగించి నాలుగు నెలలైనా కాలేదు.

ఎడమ ముందు టైరు పేలింది. బండి పక్కకి లాగేసింది. గోడని గీరుకుంటూ వెళ్ళి ఆగింది. అమ్మ చెయ్యి ముందుకి చాపింది, కారుని తనే ఆపేస్తానన్నట్టు. కుడి మణికట్టు, రెండు చోట్ల. బట్టలు కుట్టి బతికే మనిషికి కుడి మణికట్టు.

నేను మెల్లగానే వెళ్తున్నాను.

వరండాలో ఏడవలేదు. ఆయన చెయ్యి తీసేదాకా నిలబడి, తర్వాత బయట కుళాయి కింద తల పెట్టేశాను. ఆ చెయ్యి పడిన చోటంతా కడుక్కున్నాను. నీళ్ళు కారుతూ లోపలికొస్తే పిన్ని, "భయపడిపోయింది పాపం" అంది. ఎవరికి భయం?

ఈ పుస్తకం ఎవరూ చదవరు. ఇక్కడ మర్యాద అక్కర్లేదు. ఇకనుంచి మామయ్యని వాడు అని రాస్తాను.

వాడు.

మొదటిసారి చెయ్యి కొంచెం ఆగింది. రెండోసారికి అలవాటైపోతుంది.


సోమవారం

సెలవివ్వలేదు. లాండ్రీలో నాలుగు ఆసుపత్రుల దుప్పట్లు వచ్చి పడ్డాయి. రోలరుకి ఒక చివర నేను, రెండో చివర ఆవిరక్క. బాయిలరు దగ్గర పదేళ్ళు పనిచేసింది కాబట్టి ఆ పేరు. అసలు పేరు ఆమెకే గుర్తుందో లేదో.

అమ్మ సంగతి చెప్పాను. టైరు పేలిందన్నాను. మామయ్య మాట చెప్పలేదు. నోరు రాలేదు.

"టైర్లు మార్చెయ్యి ముందు. సెకండ్‌హ్యాండువి చూసుకో, చవక. నా రెండో మొగుడు సెకండ్‌హ్యాండే. మొదటివాడికంటే బాగా తిరుగుతున్నాడు" అంది.

"మరీ బాగా తిరుగుతున్నాడేమో, ఎక్కడ తిరుగుతున్నాడో చూసుకో" అన్నాను.

దుప్పటి చివర వదిలేసి మరీ నవ్వింది. దుప్పటి రోలర్లో అడ్డం తిరిగి ముడతపడింది. సూపర్వైజరు అద్దం వెనకనుంచి చూశాడు. నాకూ నవ్వొచ్చింది. వెంటనే సిగ్గేసింది. ఇంట్లో అమ్మ ఎడంచేత్తో తల దువ్వుకోవడానికి తంటాలు పడుతూ ఉంటుంది.


బుధవారం

డ్యూటీ దిగి టైర్లు చూడ్డానికి వెళ్ళాను. మూడు చోట్లకి.

మొదటిది అద్దాల షాపు. అక్కడి కుర్రాడు ముందు నా చెప్పులు చూశాడు, తర్వాత నన్ను చూశాడు. "ఏ కారండీ?" అన్నాడు. చెప్పాను. "ఓ, అదా" అన్నాడు, పోయినవాళ్ళ గురించి చెప్తే అన్నట్టు. అన్నిటికంటే ఖరీదైన టైరు చూపించి, అది వాన నీళ్ళని ఎలా చిమ్ముతుందో చేతులు తిప్పుతూ చెప్పాడు. నా కారు మొత్తం అమ్మినా ఆ నాలుగూ రావు. అదే చెప్పాను. "అయితే కారు మార్చుకోండి మేడమ్" అన్నాడు. వీడి మీద నాకు పగ లేదు. పగకి కూడా ఒక స్థాయి ఉండాలి.

రెండోది వాడిన టైర్ల కొట్టు. మీసాలాయన ఒక్కో టైరునీ ముద్దుగా తట్టి చూపించాడు. గీతలు లోతుగా ఉన్నాయి, కానీ అంచులు మరీ పదునుగా ఉన్నాయి. వేలు పెట్టి రాశాను. కాల్చిన బ్లేడుతో కొత్తగా కోసిన గీతలు. అరిగిన టైరు ఉన్న కాస్త రబ్బరునీ కోసుకుని కొత్తదానిలా నిలబడింది. వేలికి నల్లరంగు అంటింది. ఆయనకి చూపించాను. "టైరు నల్లగా కాక ఎర్రగా ఉంటుందా తల్లీ?" అన్నాడు.

మూడోది బస్టాపు వెనక చిన్న కొట్టు. కౌంటరు మీద నా ఈడు పిల్ల వేరుశెనగలు ఒలుచుకుంటోంది. అన్నిటికంటే చవకది ఏదని అడిగాను.

"చవకది తర్వాత. పుట్టిన తేదీ చూడటం వచ్చా నీకు?" అంది.

"టైరుకి పుట్టిన తేదీ ఏంటి?"

టైరుని గిర్రున తిప్పి, ఒక వైపు గోడ మీద చిన్న గుండ్రటి గీతలో ఉన్న నాలుగు అంకెలు చూపించింది. మొదటి రెండూ వారం. చివరి రెండూ సంవత్సరం. "రబ్బరు కదా, కూర్చున్నా ముసలిదవుతుంది. అయిదారేళ్ళు దాటితే నేనైతే ఎక్కను. కొన్నిటికి ఒక వైపే ఉంటుంది తేదీ. బిగించేవాడు ఆ వైపు లోపలికి పెడితే నీకు జన్మలో కనపడదు" అంది. మళ్ళీ వేరుశెనగలు.

నా టైర్ల మీద నాలుగు అంకెలు ఎప్పుడూ చూళ్ళేదు. కడిగి తుడిచి మెరిపించేదాన్ని నేనే. చూళ్ళేదు.

ఇంటికొచ్చి బట్టలు కూడా మార్చుకోకుండా కారు కిందికి దూరాను. ఫోను లైటు పంటితో పట్టుకున్నాను. ముందుది, వెనకవి రెండూ. డిక్కీలో ఉన్న పేలిందాన్ని కూడా బయటికి లాగి తిప్పాను.

నాలుగూ ఒకే వారం. నాలుగూ తొమ్మిదేళ్ళవి. నాలుగూ లోపలికి తిప్పే ఉన్నాయి.


గురువారం

తొమ్మిదేళ్ళు.


శుక్రవారం

అమ్మకి చెప్పాను. అన్నం కలిపి పెడుతూ చెప్పాను, నోట్లో ముద్ద ఉంటే మధ్యలో అడ్డు రాదని. మింగాక వచ్చింది.

"అన్నయ్యకి ఈ అంకెలూ అవీ తెలియవే."

"జీవితమంతా టైర్లమ్మినవాడికి తెలియదా?"

"వాడు ఏంటే? నోరు కడుక్కో."

పుస్తకంలో రాసింది బయటికి జారింది. జాగ్రత్తగా ఉండాలి.

"అమ్మా, నీ చెయ్యి విరిగింది ఆయన టైరు వల్ల. ఆసుపత్రిలో నా మీదికి తోసేశాడు. నువ్వు విన్నావా లేదా?"

"నొప్పిలో ఏం విన్నానో ఏమో."

"విన్నావు."

"నాకు మొదటి మిషను కొనిచ్చింది అన్నయ్య. మీ నాన్న పోయినప్పుడు మనిద్దర్నీ రెండు చేతులతో పట్టుకుని నడిపించింది అన్నయ్య. నువ్వు గొడవ పెట్టకు. చెయ్యి అతుక్కుంటుంది. మాటలు అతుక్కోవు."

మాటలు అతుక్కోవట. ఆ మాట ఆయనకి చెప్పాలి కదా, నాకెందుకు?

ఆ రోడ్డు మీద నేను మామూలుగానే వెళ్తున్నాను. అందరూ ఎలా వెళ్తారో అలా.


శనివారం

పేలిన టైరు భుజానికి తగిలించుకుని షాపుకెళ్ళాను. వాడు టీ తాగుతున్నాడు. ఎవరో పెద్దాయన పంక్చరు వేయించుకోడానికొచ్చి బల్ల మీద కూర్చున్నాడు.

"రా పిల్లా. అమ్మకెలా ఉంది?"

"వాపు తగ్గలేదు." టైరు కౌంటరు మీద పెట్టాను. టీ గ్లాసు జరిగింది. "దీని మీద ఏం రాసుందో చదువు మామయ్యా."

"కళ్ళజోడు లేదు."

"జేబులో ఉంది."

తీశాడు. తుడిచాడు. తుడిచి తుడిచి మళ్ళీ జేబులోనే పెట్టుకున్నాడు.

"ఒక్కసారి కూడా రోడ్డెక్కని టైరే అది. రోడ్డెక్కనిదానికి వయసేంటి? బీరువాలో దాచిన చీర కట్టకుండానే పాతదైపోతుందా?"

"మడతల దగ్గర చిరుగుతుంది" అన్నాను. కుట్టుపని చేసేవాళ్ళ కూతుర్ని. ఆ మాత్రం తెలుసు.

బల్ల మీది పెద్దాయన తలెత్తాడు. వాడు ఆయన వైపు తిరిగి నవ్వాడు. "మా మేనకోడలండీ. పెద్ద ఇంజనీరు. దుప్పట్లు ఇస్త్రీ చేస్తుంది."

పెద్దాయన కూడా నవ్వాడు. మంచాయనలాగే ఉన్నాడు. అయినా నవ్వాడు.

"తేదీ లోపలికెందుకు తిప్పావు?"

"అటువైపు అక్షరాలు అందంగా ఉన్నాయి."

"నాలుగింటికీ?"

"అయితే నన్ను దొంగంటావా? అను. నా చెల్లెలి కూతురివి, నా ఒళ్ళో పెరిగినదానివి, నువ్వు కాకపోతే ఎవరంటారు? బండి నడపడం రానప్పుడు టైర్లని తిట్టుకోవడం అందరూ చేసే పనే." తర్వాత గొంతు తగ్గించాడు. "చూడు, ఇంట్లోవాళ్ళ మధ్య ఇదంతా ఎందుకు? ఇంకో జత ఇస్తా, ఊరికే తీసుకుపో."

వెనక్కెళ్ళి, గోడవారగా పేర్చిన దొంతరలోంచి ఒకటి దొర్లించుకొచ్చాడు. అదే రకం. అదే గీతలు. వంగి చూశాను. అదే వారం.

నేను అడిగింది తేదీ గురించి. వాడు ఇచ్చింది మళ్ళీ ఆ తేదీనే.

పేలిన టైరు భుజాన వేసుకుని బయటికొచ్చేశాను. వెనకనుంచి, "టీ తాగి వెళ్ళవే!" అని కేక.

ఏం చెయ్యాలో ఆలోచించాను, బస్సులో అంతసేపూ. షాపు గోడ మీద సున్నంతో ఆ నాలుగు అంకెలూ మనిషంత ఎత్తున రాయడం. ఎదురుగా కుర్చీ వేసుక్కూర్చుని, వచ్చిన ప్రతివాడికీ టైరు తిప్పి చూపించడం. తగలబెట్టడం. టైర్లు రోజుల తరబడి కాలతాయట. కానీ పక్కనే పాలకొట్టుంది, పాపం.

తగలబెట్టడం వద్దు. కానీ అనుకుంటే హాయిగా ఉంది.


అదే రోజు, సాయంత్రం

చక్రాలు రెండు విప్పి ఆటోలో తీసుకెళ్ళి, బస్టాపు వెనక కొట్టులో రెండు టైర్లు కొన్నాను. పేరు ఎవరూ వినని టైరు. గీతలు మామూలుగా ఉన్నాయి, చప్పుడు ఎక్కువ చేస్తుందని ఆ పిల్లే చెప్పింది. కానీ ఈ ఏడాది పుట్టింది. తేదీ బయటికి పెట్టి బిగించమన్నాను. "నీకు పట్టుకుంది రోగం" అంది, సంతోషంగా. మిగతా రెండూ జీతం వచ్చాక. కొత్తవి రెండూ వెనక్కి వెయ్యమంది. ముందువాటి గురించి అడిగితే, "ఆ ముసలివాటితో కదిలావంటే నిన్ను నేనే కొడతా" అంది. ఇంటి ముందు కారు ముందుభాగం ఇటుకల మీద ఉంది. వంగి ఏదో వెతుక్కుంటున్న మనిషిలా ఉంది.


ఆదివారం

వదిన వచ్చింది. అమ్మకి గోళ్ళు కత్తిరించింది. తల దువ్వి జడేసింది. నాకు రాదు జడెయ్యడం, నేనేస్తే అమ్మ, "నా నెత్తి మీదా దుప్పటి మడత పెడుతున్నావా?" అంటుంది. వదిన వేస్తే కళ్ళు మూసుకుంది.

వదిన పసిపిల్లల బడిలో టీచరు. రోజూ ఇద్దరు టీచర్లని ఎక్కించుకుని పెద్ద రోడ్డు మీద వెళ్తుంది. నా మీద ప్రేమే. చిన్నప్పుడు తన గౌన్లన్నీ నాకే. ఆసుపత్రిలో కూడా ఏమీ అనలేదు. అనకపోవడమే, అంతకంటే ఏమీ లేదు.

చెత్త పారేద్దామని కిందికొచ్చాను. తన కారు మా గుమ్మం ముందే ఉంది. ఎర్రది, చిన్నది. చూసీ చూడగానే ఆ గీతలు గుర్తుపట్టాను. ఎడమవైపు ముందు టైరు మీద బడి గేటు పసుపురంగు గీసుకుపోయింది.

బయట తేదీ లేదు. కింద పడుకుని లోపలికి చూశాను.

అదే వారం.

సొంత కూతురికి.

"ఏం చేస్తున్నావే అక్కడ?" వదిన మెట్ల మీద.

"చెప్పు లోపలికి పోయింది వదినా."

"దొరికిందా?"

"దొరికింది."

తను ఎక్కింది. చెయ్యి ఊపింది. వెళ్ళిపోయింది. నేను చెత్తబుట్టతో నిలబడ్డాను.

చెప్పొచ్చు. చెప్పను. రెండూ అనుకోలేదు, ఊరికే నిలబడ్డాను. తర్వాత మెట్లెక్కుతుంటే ఒక ఆలోచన వచ్చింది, చల్లటి నీళ్ళలా. దీని టైరు పేలితే? దీనికేం కాకూడదు. ఊరికే పేలి, రోడ్డు పక్కన ఆగి, బిత్తరపోయి నిలబడాలి, అంతే. అప్పుడు వాడు ఎవరి నెత్తి నిమురుతాడు? ఏమంటాడు, నడిపే చెయ్యి అంటాడా?

తన కూతురికి కూడా వేశాడంటే వాడికి నిజంగానే తెలియదేమో.

పై మాట కొట్టేస్తున్నాను. తెలియనివాడు లోపలికెందుకు తిప్పుతాడు?


సోమవారం

నేనేమీ చెయ్యలేదు. చూశాను, అంతే.


మంగళవారం

ఎండ మండిపోయింది. తారు మెత్తబడి చెప్పులకంటుకుంది.

వదిన ఫోను చేసింది. పనిలో ఉన్నాను, తియ్యలేదు. మళ్ళీ చేసింది. అప్పుడు పనిలో లేను. తియ్యలేదు.

ఆవిరక్క, "ఏంటే, ఫోను మోగితే పాము చూసినట్టు చూస్తున్నావు? ఎవడన్నానా?" అంది.

"ఎవడూ లేడు."

"ఎవడూ లేకపోతే తీసి మాట్లాడు."

రోలరు శబ్దంలో విననట్టు నటించాను.


బుధవారం

రేపు పొద్దున్న అమ్మని ఎముకల డాక్టరుకి చూపించాలి. పిండికట్టు సరిగ్గా ఉందో లేదో చూస్తాడట. ఆసుపత్రి పెద్ద రోడ్డు చివర. నా కారు ఇటుకల మీద ఉంది.

"టాక్సీ మాట్లాడతాను" అన్నాను.

"వదిన వస్తానంది, సెలవు పెట్టి మరీ."

"వదిన కారు ఎక్కొద్దు."

"ఎందుకు?"

చెప్పేదాన్నే. నోటిదాకా వచ్చింది. ఆ టైర్ల సంగతి మళ్ళీ ఎత్తితే అన్నయ్య అంటుంది, మిషను అంటుంది అనుకుని ఒక్క క్షణం ఆగాను. ఆ క్షణంలో అమ్మ అంది.

"నీ కారెక్కితే ఏమైందో చూశాం కదా."

కోపంగా అనలేదు. పప్పులో ఉప్పు తక్కువైందన్నట్టు అంది. అని, ఎడంచేత్తో చెంచా వెతుక్కుంది.

అంటే వాడి మాట అమ్మ కూడా నమ్మింది. పది రోజులుగా నేను అన్నం కలిపి పెడుతుంటే, జడ వెయ్యలేక వేస్తుంటే, నమ్మే తింటోంది. నమ్మే తల వంచుతోంది.

ఎక్కనీ. ఎక్కితే తెలుస్తుంది.

రాశాను. ఈ పుస్తకంలో కొట్టేసినవి చాలా ఉన్నాయి. ఇది కొట్టెయ్యలేకపోతున్నాను. రాసింది నేనే. ఎవరి గురించో కూడా తెలుసు.


గురువారం

వదిన వచ్చింది. ఇస్త్రీ చీర, బడికి కాకపోయినా బడికి వెళ్తున్నట్టే. "అత్తయ్యా, రెడీనా?" అంటూ పైకెళ్ళింది. నేను కిందే ఉన్నాను. చేతిలో చిన్న స్క్రూడ్రైవరు. ఎప్పుడు తీసుకున్నానో నాకే తెలియదు, లేచినప్పటినుంచీ చేతిలోనే ఉంది.

వదిన కారు టైరుకి గాలి మూత తీసి వాల్వు నొక్కిపట్టాను. ఉస్సుమని ఒకటి దిగింది. రెండోది దిగింది. మూడోదాని దగ్గర కూర్చునుండగా ఇద్దరూ దిగొచ్చారు. అమ్మ మెడలో కట్టు గుడ్డ, ఇంకో చేత్తో వదిన భుజం.

"ఏయ్! పిచ్చి పట్టిందా నీకు?" వదిన అలా అరవడం నేను ఎప్పుడూ వినలేదు. "నాన్న మీద కోపం నా కారు మీద చూపిస్తావా?"

పక్కింటివాళ్ళు బయటికొచ్చారు. కింద ఇంటాయన పళ్ళు తోముకుంటూనే నిలబడిపోయాడు. అమ్మ, "నా పరువు తీస్తున్నావే, లేవే" అంటోంది.

"పడుకో వదినా" అన్నాను.

"ఏంటి?"

"ఇక్కడ, రోడ్డు మీద, నా పక్కన. పడుకుని లోపలికి చూడు. చూశాక నన్ను కొట్టు."

కొడుతుందనే అనుకున్నాను. కాసేపు నన్నే చూసింది. కొంగు నడుముకి దోపుకుని, దుమ్ములో, ఆ ఇస్త్రీ చీరతో పడుకుంది. నేను ఫోను లైటు పట్టుకున్నాను. మా ఇద్దరి తలలూ కారు కింద, కాళ్ళు రోడ్డు మీద. కింద ఇంటాయనకి ఎలా కనపడ్డామో.

అంకెలు చూపించాను. ఎలా చదవాలో చెప్పాను. ఆ గుండ్రటి గీత పక్కన చీలిన పగుళ్ళు కూడా చూపించాను, గోరు దూరేంత. పిల్లలకి అక్షరాలు నేర్పే మనిషి, వేలు పెట్టి ఒక్కొక్కటీ చదివింది.

"నీవీ ఇవేనా?"

"ఇవే. ఈ వారానివే. నాన్నని అడుగు."

అంకెలు మళ్ళీ ఒకసారి వేలితో తడిమింది. కారు కింద చాలా దగ్గరగా ఉన్నాం, ఊపిరి తగులుతోంది. తర్వాత అడిగింది.

"నీకెప్పుడు తెలిసింది?"

"బుధవారం. పోయిన బుధవారం."

"నీవాటి గురించి కాదు. నావి. నీకెప్పుడు తెలిసింది?"

నేను లైటు ఆర్పేశాను.

"ఆదివారం చెప్పు పోయిందన్నావు. అప్పుడేనా?" అంది. "సోమవారం నా కారులో ముగ్గురం ఉన్నామే. మంగళవారం ముగ్గురం. నిన్న ఒక టీచరు పిల్లాడు కూడా ఉన్నాడు. నేను ఫోను చేసింది నీ కొత్త టైర్లు ఎక్కడ కొన్నావో కనుక్కుందామని. నావీ మార్చాలనిపించి."

లేచి చీర దులుపుకుంది. నన్ను కొట్టలేదు. టాక్సీ పిలిచి అమ్మని తీసుకెళ్ళింది. నన్ను రమ్మనలేదు. నేను వస్తాననలేదు.

డాక్టరు చెయ్యి బాగానే అతుకుతోందన్నాడట. కానీ బొటనవేలు పూర్తిగా వంగుతుందో లేదో ఇప్పుడే చెప్పలేనన్నాడట. సూది పట్టేది ఆ వేలితోనే.

అమ్మ రాత్రి అన్నం నా చేత తినలేదు. చెంచాతో తనే తిన్నది. సగం ఒళ్ళో పడింది. నేను తుడవబోతే, "ఉండనీ" అంది. తర్వాత చాలాసేపటికి, "నిజంగా తొమ్మిదేళ్ళా?" అంది.

"నిజంగా అమ్మా."

ఒళ్ళో మెతుకులు ఎడంచేత్తో ఏరుకుంది. ఎటో చూస్తూ కూర్చుంది. చూస్తున్నది మిషను వైపు.


శుక్రవారం

డ్యూటీ నుంచి వస్తూ షాపు ముందు దిగాను. గొడవ పెట్టుకుందామని కాదు. చూద్దామని.

వదిన కారు అక్కడే ఉంది. నాలుగూ కొత్త టైర్లు. వంగి చూశాను, తేదీ బయటికే ఉంది. కొత్త తేదీ. నిన్న సాయంత్రమే బిగించారని పక్క పాలకొట్టాయన చెప్పాడు. "కూతురు కారుని ట్రక్కు మీద వేయించుకొచ్చి అరిచేసరికి మీ మామయ్య చెమటలు కక్కుకుంటూ తనే బిగించాడమ్మా. పనివాణ్ణి కూడా ముట్టనివ్వలేదు."

మంచిది. తెలియనివాడు ఇప్పుడు తెలుసుకున్నాడు అనుకున్నాను. నిజం చెప్తున్నా, ఒక్క నిమిషం వాడి మీద కోపం సగం దిగింది. వాడు అని కాకుండా మామయ్య అని అనుకున్నాను కూడా.

తర్వాత షాపు ముందు స్టాండు చూశాను.

నాలుగు టైర్లు, నల్లగా మెరుస్తూ. పైన అట్టముక్క మీద "మంచి కండిషన్, తక్కువ ధర". ఒకదాని మీద నల్లరంగు కింద పసుపు కనపడుతోంది. బడి గేటు పసుపు. గోకితే ఇంకా కనపడింది.

కూతురి కారు కిందనుంచి తీసి, కడిగి, రంగేసి, ఇంకొకళ్ళ కూతురి కోసం పెట్టాడు.

లోపల వాడు ఫోనులో మాట్లాడుతున్నాడు. నన్ను చూసి నవ్వాడు, కూర్చోమని చెయ్యి చూపించాడు. నేను ఆ టైర్ల మధ్యలో నిలబడి నాలుగూ ఫోటో తీసుకున్నాను. అప్పుడు నవ్వు ఆగింది.

ఇప్పుడు తెలియదనడానికి వీల్లేదు. అమ్మకి చెప్పాను. ఆవిడ ఏడవలేదు. "ఆదివారం పిన్ని ఇంట్లో భోజనాలకి అన్నయ్య కూడా వస్తాడు" అని మాత్రం అంది. ఎందుకు చెప్పిందో నాకు అర్థమైంది. కాకపోయినా నేను అలాగే అర్థం చేసుకుంటాను.

ఈ ఉత్తరం రేపు పొద్దున్న వాడి చేతికిస్తాను. ముందు ఇక్కడ రాసి చూసుకుంటున్నాను, కొట్టివేతలు లేకుండా.

మామయ్యా,

నా చెయ్యి అమ్మ చెయ్యి విరగ్గొట్టిందని నువ్వు అందరి ముందూ అన్నావు. అందరి ముందే వెనక్కి తీసుకోవాలి. ఆదివారం పిన్ని ఇంట్లో, అందరూ కూర్చున్నాక, ఎవరూ చెయ్యి కడుక్కోకముందు. "టైరు నాది. తొమ్మిదేళ్ళది. తేదీ నేనే లోపలికి తిప్పాను." ఈ మూడు ముక్కలు. మిషను మాట ఎత్తకూడదు. ఒళ్ళో పెంచిన మాట ఎత్తకూడదు. నా నెత్తి మీద చెయ్యి వెయ్యకూడదు.

ఆ వారంలో పుట్టిన టైర్లు నీ దగ్గర ఎన్నుంటే అన్నీ, స్టాండు మీదవీ గోడవారవీ, నా ఎదురుగా పక్కగోడలు కోసెయ్యాలి. ఎవరెవరికి అమ్మావో నీకు గుర్తున్నంతవరకు వాళ్ళందరికీ ఫోన్లు చెయ్యాలి. చేస్తుంటే నేను పక్కన కూర్చుంటాను.

వదిన నన్ను ఒకటి అడిగింది. దానికి జవాబు నేను కూడా అక్కడే, అందరి ముందే చెప్తాను. నీ తర్వాత. నువ్వు చెప్పకపోతే ముందు నేనే చెప్తాను, ఆ తర్వాత నీ గురించి, ఆ తర్వాత సోమవారం నుంచి నీ షాపు ఎదురుగా కుర్చీ వేసుకుని, పనికి వెళ్ళే ముందూ వచ్చాకా, వచ్చిన ప్రతి మనిషికీ.

నీకు కళ్ళజోడు ఉంది. పెట్టుకుని చదువు.

శనివారం సాయంత్రం నువ్వు షట్టరు దించేలోపు నాకు జవాబు కావాలి. ఫోనులో కాదు. ఇంటికొచ్చి, అమ్మ ఎదురుగా నిలబడి, అవునో కాదో.